ఫోను మ్రోగినప్పుడు

అప్పులవారి ఫోన్ల గురించి ఈ శీర్షికలో వ్రాయుమని కొందరు సహోదరీలు అడిగి చాలా కాలమైనది. ఇంతవరకు వ్రాయకపోవుటకు కారణం సమయం లేక కాదు, సిగ్గు. ఆ కష్టం మా ఇంటిలోనే జరిగినది గనుక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

2021 చివర మిర్చి తోటలకు నల్ల తామర పురుగు వచ్చిన సంగతి మన రైతులెవరూ మరచిపోలేదు. మా తోట కూడా పోయింది. బ్యాంకు పంట రుణం గాక, ఒక ఫైనాన్సు కంపెనీ దగ్గర తెచ్చిన లక్షా ఇరవై వేలు మీద ఉన్నవి. నెలకు 6,300 కిస్తు. సంక్రాంతి వెళ్లిన తరువాత రెండు కిస్తులు తప్పినవి. అప్పటినుండి ఫోను మొదలైంది. వంట చేస్తుంటే, పాలు పితుకుతుంటే, ఆదివారం ఆరాధనకు బయలుదేరుతుంటే అదే మ్రోత.

మొదట్లో మేమిద్దరమూ చేసిన పని ఒక్కటే. ఫోను పెట్టేయించుటకు ఏదో ఒక తేదీ చెప్పేవాళ్లము. "సోమవారం కట్టేస్తామండీ" అంటే ఆ పూటకు శాంతి. సోమవారం ఉదయం ఎనిమిది గంటలకే మరల ఫోను, ఈసారి మాట కొంచెం కటువుగా. వాళ్ల కంప్యూటరులో మనం చెప్పిన తేదీ ఎక్కుతుంది, ఆ తేదీనాడు పిలువవలసినది ఎవరో ఒక జీతగాడు. ఆ పిల్ల కూడా ఎక్కడో కుర్చీలో కూర్చొని పొట్టకూటికి పనిచేసేదే. అబద్ధపు తేదీతో మేమే మరుసటి ఫోనును పిలుచుకుంటున్నామని గ్రహించుటకు మూడు నెలలు పట్టింది.

తరువాత ఫోను తీయడం మానేశాము. మా చిన్నవానిచేత "ఇంట్లో లేరు" అని చెప్పించాము. పదేళ్లవాడు, తడుముకోకుండా చెప్పడం నేర్చుకున్నాడు. చివరకు ఫోనును బియ్యపు డబ్బాలో పెట్టిన రోజులున్నవి. అట్టి ఒక రాత్రి మా పెద్దక్కయ్యకు పక్షవాతం వచ్చింది. మేనల్లుడు ఆసుపత్రివారి ఫోను నుండి మూడుసార్లు చేశాడట. కొత్త నెంబరు గనుక మేము తీయలేదు. మరునాడు పొద్దున బస్సు దిగి ఎవరో చెబితే తెలిసింది. అక్కయ్య బ్రదికింది గాని, "రాత్రంతా మీకోసం చూసిందత్తయ్యా" అన్న వాడి మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

ఎలీషా యొద్దకు వచ్చిన విధవరాలి సంగతి మనకందరికీ తెలుసు. అప్పులవాడు కుమారులిద్దరిని తీసుకొనిపోవ వచ్చినప్పుడు ఆమె తలుపు వేసికొనక ముందు వెళ్లి చెప్పింది. ఇంట్లో ఏమున్నదని ఆయన అడిగాడు. మేము చెప్పనూ లేదు, ఇంట్లో ఏమున్నదో లెక్క చూచుకొననూ లేదు.

ఆసుపత్రినుండి వచ్చిన రాత్రి నోటు పుస్తకం తీశాము. పాల డబ్బులు, కుట్టు మిషను మీద వచ్చేది కలిపి, ఇంటి ఖర్చు తీసివేస్తే నెలకు రెండున్నర వేలు మిగిలేటట్టు తేలింది. అంతే. మన సంఘంలో బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. అయ్యగారి సలహాపై ఆయన యొద్దకు వెళ్లాము. డబ్బు అడుగుతామేమోనని ఆయన మొదట కొంచెం జంకినట్టున్నది, అడుగలేదు. ఆయన ఉత్తరం వ్రాయించారు: ఫలానా అప్పు, పంట పోయింది, నెలకు 2,500 కట్టగలము, గడువు పెంచండి అని. కంపెనీ ఫిర్యాదుల అధికారి పేరున రిజిస్టరు పోస్టు చేసి, రశీదు దాచాము. ఇక ఎవరు ఫోను చేసినా ఒకే జవాబు: "ఉత్తరం వ్రాశాము, 2,500 కట్టగలము, అంతకంటే మాట ఇవ్వలేము." పిలిచినవారి పేరు, నెంబరు, సమయం పుస్తకంలో వ్రాసేవాళ్లము. పేరు అడిగితేనే చాలామంది స్వరం తగ్గింది.

ఆయన చెప్పిన కొన్ని సంగతులు మాకు అప్పటివరకు తెలియవు. వసూలు కొరకు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఉత్తరువు ఇచ్చింది. గ్రూపులలో తీసుకొనే మైక్రోఫైనాన్సు అప్పులకైతే అదే ఏడు ఇచ్చిన నియమాలలో ఉదయం 9, సాయంత్రం 6 అని ఉన్నది. బూతులు, బెదిరింపులు, బంధువుల ముందు, నలుగురిలో అవమానించడం కూడదు. కంపెనీకి వ్రాసి 30 దినాలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. వివరాలకు 14448కి ఫోను చేయాలి. సెల్‌ఫోను యాప్‌లలో అప్పు తీసుకొనేవారు ఇంకా జాగ్రత్త. ఫోనులోని పేర్ల పట్టికను అవి చూడరాదని 2022 సెప్టెంబరులోనే నియమం పెట్టారు. ఫోటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే డబ్బు కట్టకుండా 1930కి, పోలీసులకు చెప్పాలి. అట్టి బెదిరింపులకు ప్రాణం తీసుకొన్నవారిని గురించి మన రెండు రాష్ట్రాల పత్రికలలోనే చదివాము. ఇంటిలోని యౌవనస్థులను ఒకసారి కూర్చోబెట్టి అడగండి, కోపం లేకుండా.

కిస్తు కట్టలేకపోయినంత మాత్రాన పోలీసులు పట్టుకొనిపోరు. అయితే చెక్కు ఇచ్చి అది తిరిగి వచ్చినయెడల అది వేరే కేసు. కోర్టు నోటీసు వస్తే దానిని బియ్యపు డబ్బాలో పెట్టకూడదు. వసూలుకు వచ్చినవాని సొంత నెంబరుకు డబ్బు పంపవద్దు, అప్పు ఖాతాకే కట్టి రశీదు అడగండి.

మా ఉత్తరానికి మొదట "కుదరదు" అన్నారు. రెండవ ఉత్తరం తరువాత గడువు పెంచి కిస్తు 3,800 చేశారు. మేము అడిగినంత తగ్గలేదు. మొత్తం మీద వడ్డీ కూడా పెరిగింది, ఆ మాట దాచకూడదు. ఒక గేదెను అమ్మాము. 2023లో మిర్చి ధర బాగుండుటచేత కొంత ముందే కట్టి, 2024లో తీర్చాము. బాకీ లేదన్న కాగితం కొరకు ఇంకో రెండుసార్లు తిరగవలసి వచ్చింది. దానిని ట్రంకు పెట్టెలో పట్టాదారు పాసు పుస్తకం ప్రక్కన ఉంచాము. కొత్త నెంబరు వస్తే ఇప్పుడు మా చిన్నవాడే ముందుగా తీసి, "అమ్మా, నీకే" అని ఇస్తున్నాడు.