వచ్చినవారి పన్ను, ఊరివారి భారము

వేసవి ముదిరి మునిసిపల్ కొళాయిలలో నీరు సన్నగిల్లిన దినములలో హిందూపురమున తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "యాడాడోళ్ళో వచ్చి మన నీళ్ళు తాగిపోతాండారు." ఈ మాటలోని ఆవేదన నిజమైనది. సాలీనా 550 మిల్లీమీటర్ల వాన సైతము నమ్మకముగా కురియని సీమలో, బిందె బిందెకు లెక్క చూచుకొని బ్రదికిన జనమునకు, కొత్తగా వచ్చి చేరిన ప్రతి కుటుంబమును తమ వంతులో నుండి కొంత తీసికొనిపోవుచున్నట్లు తోచుటలో వింత లేదు. అయినను దోషము నీళ్ళు త్రాగినవానిదా, త్రాగువానిని లెక్కలో చేర్చుకొనని పాలనావ్యవస్థదా యని విచారింపక కోపమును మాత్రము కూడబెట్టుకొనుట మనకు తగదని నా దృఢమైన అభిప్రాయము.

వచ్చినవారందరు ఒక్క తెగవారు కారు. దేశపు సరిహద్దును అనుమతిపత్రము లేక దాటివచ్చిన విదేశీయుడు వేరు. బీహారు నుండియో, ఒడిశా నుండియో, పశ్చిమ బెంగాలు నుండియో రైలెక్కి వచ్చిన కూలి వేరు. మొదటివాని విషయమున 2025 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన కొత్త విదేశీయుల చట్టము కలదు; క్రమమైన విచారణ జరిపి అట్టివానిని స్వదేశమునకు పంపు అధికారము ప్రభుత్వమునకు ఉండితీరవలెను, సరిహద్దును కాపాడుకొనలేని రాజ్యము పౌరునకిచ్చిన మాటను కూడ కాపాడుకొనలేదు. రెండవవాడు మనతో సమానుడైన పౌరుడు. దేశమున ఎచ్చటనైనను సంచరించుటకును నివసించుటకును రాజ్యాంగము 19వ అధికరణమున వానికి హక్కు నిచ్చినది. బెంగాలీ భాష మాటలాడుటయే పరదేశీయతకు ప్రమాణమని భ్రమించి, పనివానిని నడివీథిలో నిలిపి ప్రశ్నించు వికారము ఇటీవల కొన్ని నగరములలో తలయెత్తినది; అది మన ఊళ్ళకు సోకరాదు.

హిందూపురము చెంతనున్న తూముకుంట పారిశ్రామికవాడలో ఇనుపమిల్లుల చుట్టును, పెనుకొండ సమీపమున ఎర్రమంచి కియా కార్ల కర్మాగారపు పరిసరములలోను బాడుగకిచ్చు గదుల వరుసలు లేచినవి. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు, పగటి షిఫ్టువాడు లేచిన చాపమీద రాత్రి షిఫ్టువాడు పండుకొనును. వరుస యంతటికి ఒక్క కొళాయి, అదియు రానినాడు ట్యాంకరు. జ్వరము వచ్చినచో ప్రభుత్వాసుపత్రి ఓపీ వరుసలో నిలువవలసినదే. ఆలుబిడ్డలను తెచ్చుకొన్నవాడైనచో పిల్లలకు అంగన్‌వాడి, ఆపైన తెలుగు బడి కావలెను. వీరివలన ఆసుపత్రికి, బడికి, మురుగుకాలువకు పని పెరిగిన మాట వాస్తవము. పెనుకొండలో కియా వచ్చిన తరువాత ఇంటిబాడుగలు పెరిగి స్థానికులైన బీదవారు బాధపడిన మాటయు వాస్తవమే.

కాని ఈ కార్మికుడు పన్ను కట్టుటలేదను వాదము నిలువదు. వాడు కొను సబ్బుమీద, చెప్పులమీద, సెల్‌ఫోను రీచార్జిమీద జీఎస్టీ కలదు. ఆ పన్ను సరకు అమ్ముడైన రాష్ట్రమునకు సగము, కేంద్రమునకు సగము చేరును. వాని చెమటతో నడచు కర్మాగారపు లాభముమీది ఆదాయపుపన్ను ఢిల్లీకి పోవును. ఆ పన్నులలో మునిసిపాలిటీకి నేరుగా వచ్చునది దమ్మిడీయు లేదు. ఊరికి మిగులునవి ఇంటిపన్ను, నీటిపన్ను, పైనుండి దిగివచ్చు గ్రాంటులు. ఆ గ్రాంటులకు ఆధారమైన జనసంఖ్య యేది? పదునైదవ ఆర్థికసంఘము గైకొన్నది 2011 జనాభా లెక్కలను. కియా ఒప్పందము జరిగినది ఆ తరువాత, 2017లో, తొలి కారు బయటికి వచ్చినది 2019లో. పెనుకొండ నగరపంచాయతీకి తొలి ఎన్నికలు జరిగినది 2021లో. హిందూపురము లక్షన్నర జనముగల ఊరని, ధర్మవరము లక్షా యిరువదివేల ఊరని నేటికిని ఆ 2011 కాగితము చెప్పుచున్నది. ఆ కాగితమును నమ్మియే పంపుల సామర్థ్యము, పారిశుద్ధ్య సిబ్బంది, వైద్యుల సంఖ్య నిర్ణయమగుచున్నవి.

ఇది మన ఊరి వింత మాత్రమే కాదు. అమెరికాలో అనుమతిలేని వలసవారు 2022లో చెల్లించిన పన్నులు 9,670 కోట్ల డాలర్లని ఆ దేశపు పన్నుల పరిశోధనాసంస్థ యొకటి లెక్కకట్టినది. అందులో 5,940 కోట్లు చేరినది కేంద్రఖజానాకు. వలసవారి పిల్లల చదువు భారము మాత్రము రాష్ట్రములమీదను, స్థానికసంస్థలమీదను పడుచున్నదని అచ్చటి జాతీయ అకాడమీలు 2016లో వివరముగా నిరూపించినవి. రాబడి పైకెగసి, ఖర్చు క్రిందికి దిగినచోట స్థానికునకు కోపము రాక మానదు. అది ఎవరిమీద చూపవలెనో తెలియని కోపము.

మన ఊళ్ళో ఈ వ్యవహారమున నిజముగా లాభపడినవాడు తెరచాటున నున్నాడు. మనిషికింతయని మిల్లుయజమానివద్ద పుచ్చుకొని, అందులో కోత కోసి కూలివానికిచ్చు లేబర్ కంట్రాక్టరు, గదులను గాని వైద్యమును గాని తాను చూడక ఊరికి వదలుచున్నాడు. అంతర్‌రాష్ట్ర వలసకార్మికుల చట్టము 1979లోనే లైసెన్సును, రిజిస్టరును, ప్రయాణపుఖర్చును, వసతిని, వైద్యమును వానికి విధించినది. ఆ చట్టము ఇప్పుడు కొత్త కార్మికస్మృతిలో లీనమైనది. చట్టము పేరు మారుటవలన లాభమేమి, ఆ రిజిస్టరు తెరచి చూచు తనిఖీ అధికారి తూముకుంటకు రాకున్నచో?

మనవారు కూడ మరియొకరి ఊళ్ళో ఇట్టివారే యని మరువరాదు. తెల్లవారుజామున హిందూపురము స్టేషనులో బెంగళూరు రైలెక్కువారిని చూడుడు: తాపీపనివారు, పెయింటర్లు, ఇండ్లలో పాచిపని చేయు స్త్రీలు, మగ్గము మూతపడిన ధర్మవరపు నేతగాండ్రు. కరువుకును వలసకును పేరుమోసిన నాటి ఉమ్మడి అనంతపురము జిల్లాలోనే, బండ్లపల్లిలో, ఉపాధిహామీ పథకమును 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించిరి. అయినను ఆ రైలు ఖాళీగా పోవుటలేదు. కదిరి వైపునుండి కువైత్ పోయి, యజమాని పాస్‌పోర్టు లాగుకొనగా పారిపోయి, అకామా (నివాసానుమతి) లేక ఖల్లివల్లిగా, అనగా అనుమతిలేని పనివారుగా, మిగిలినవారు మన తమ్ములే, మన అక్కచెల్లెండ్రే. కువైత్ ప్రభుత్వము 2018లోను 2024లోను క్షమాభిక్ష ప్రకటించినప్పుడు దారి దొరికి ఇల్లు చేరిన తెలుగువారెందరో కలరు. ఆ దేశపు ఆసుపత్రిలో కార్డు లేదని వారిని వెడలగొట్టినప్పుడు మనకు కలిగిన బాధ, కార్డు లేని బీహారు కూలిని మన ఆసుపత్రిలో కసరినప్పుడును కలుగవలెను. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున ఓడి, హంపి విడిచివచ్చిన విజయనగర రాజకుటుంబమునకు, పరివారమునకు ఆశ్రయమిచ్చి రాజధానియైన పెనుకొండ ఈ విషయమున ఇతరులు నేర్పవలసిన ఊరు కాదు.

కావలసినది దయ మాత్రము కాదు, లెక్క. 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికముగా నిర్ణయించిన జనగణనలో, తూముకుంట గదుల వరుసలకును ఎర్రమంచి బాడుగఇండ్లకును గణకులు రాత్రివేళ కూడ పోవలెను, పగలు తాళము చూచి తిరిగివచ్చినచో మరి పదేండ్లు మనకు నష్టమే. ఇంటిపన్ను పెరుగునని అద్దెకున్నవారిని దాచు ఇంటియజమానికి మునిసిపాలిటీ ముందుగానే భయము తీర్పవలెను. ఒకే దేశము ఒకే రేషను కార్డు ఏర్పాటుక్రింద ఇచ్చట బియ్యము తీసికొనుచున్న పొరుగు రాష్ట్రపు కార్డులెన్నియో చౌకదుకాణముల యంత్రములలోనే కలదు. ఆ సంఖ్యను నెలనెలా పురపాలకసంఘమునకు ఇచ్చుటకు కొత్త చట్టము అక్కరలేదు. రాష్ట్రమునకు వచ్చు జీఎస్టీలో ఒక భాగమును కర్మాగారమున్న ఊరి నీటికి, ఆసుపత్రికి కేటాయించుమని మన నియోజకవర్గముల శాసనసభ్యులు కలిసి అడుగవలెను. గొల్లపల్లి జలాశయమునుండి కియాకు నీరు తీసికొనిపోవు గొట్టము వేసినంత శ్రద్ధతో, ఆ కియాలో పనిచేయువాడు పండుకొను వీథికి రెండవ కొళాయి వేయించుట ప్రభుత్వమునకు అసాధ్యము కాదు.