బృందగానమా, వడపోతా?

‘బాలానందం’ ప్రస్తావన వస్తే మన పెద్దలు ఆ రోజులే వేరని నిట్టూర్చి ఊరకుంటారు. ఆ నిట్టూర్పు నాకు సమ్మతం కాదు.

మద్రాసు రేడియో కేంద్రం 1938లో వెలసింది. అక్కడ పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. పిల్లల పాటను, నాటికను పిల్లలచేతనే పలికించారు. ఊరూరా బాలలకు వారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయినారు. 1945లో వారు ‘బాల’ పత్రిక ప్రారంభిస్తే, చిన్ననాటి బాపు బొమ్మలు, ముళ్లపూడి వెంకటరమణ కథ అందులో అచ్చయినాయి. 1956లో సంఘం హైదరాబాదుకు తరలింది. ప్రతిభావంతులు దొరికినందున ఈ ఉద్యమం ఎదిగిందనడం తలక్రిందుల తర్కం. వారం వారం తలుపు తెరిచి ఉంచినందున ప్రతిభ లోపలికి వచ్చింది.

నేటి టెలివిజన్ పోటీలలో పదేళ్ల పసిదానిచేత విరహగీతం పాడించి, మార్కులు వేసి, ఓడిన బిడ్డ కన్నీటిని దగ్గరగా చూపిస్తున్నాము. స్వరశుద్ధి పెరిగింది, కాదనను. కాని ఆ పాటలో బాల్యమేదీ? బాలల నృత్యప్రదర్శనలలో అసభ్యత వద్దని కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2019లో ఛానళ్లకు హితవు చెప్పింది. మంచిదే, అయితే మందలింపు వలన కొత్త పాట పుట్టదు.

అధికారులకు నా మనవి ఒక్కటే. జిల్లాకొక బాలబృందానికి పోటీ లేని ఒక గంట రేడియోలో కేటాయించండి. పిల్లలకై వ్రాసే కవికి తగిన పారితోషికం ఇవ్వండి. అపశ్రుతులు వినవస్తాయని విద్వాంసులు అభ్యంతరపెట్టవచ్చు. వినరానీయండి.