నొప్పి లేని గడ్డకు కూడా ఒక రోజు కూలి వదులుకుందాం

రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఊడుపుల రోజులు. "నొప్పి నేదు గదా, ఏటవుతాది?" అనుకొని మన అప్ప పనిలోకి పోతుంది. నొప్పి పుట్టి, పుండు పడ్డాక ఆసుపత్రికి బయలుదేరుతుంది. అప్పటికి జబ్బు చాలా దూరం పోయి ఉంటుంది.

రొమ్ము క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. రోజు కూలి మీద బతికేవాళ్ళం, నొప్పి లేనిదాని కోసం పని మానుకోము. ఆ లెక్కే మన ప్రాణం తీస్తోంది.

2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్ళకు ఈ జబ్బు కొత్తగా వచ్చిందని, 98,000 మంది చనిపోయారని అంతర్జాతీయ అంచనా. డబ్బున్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన వందమందిలో 90 మందికి పైగా అయిదేళ్ళు దాటి బతుకుతున్నారు. మన దేశంలో 66 మందే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు ఒక్కటే. తెలుసుకునే రోజే వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్ళు వందకు ఒక్కరు కూడా లేరు!

"మీవాళ్ళకు సిగ్గు, అజ్ఞానం" అంటారు పెద్దలు. సిగ్గు ఒక్కటేనా? కూలి పోతుంది. బస్సు ఛార్జీ కావాలి. తోడు కావాలి. పేట మనిషని తెలిస్తే మాట తీరు మారిపోయే చోట రవిక విప్పి చూపించడానికి ఎవరికి మనసొప్పుతుంది? తల్లి మంచం పడితే ముందు బడి మానేది పెద్దకూతురు. హాజరుపట్టీ పిలిచే మాలాంటి వాళ్ళకు ఆ సంగతి తెలుసు.

అప్పలారా, చెల్లెళ్ళారా! రొమ్ములోగాని చంకలోగాని గడ్డ, చర్మం సొట్టపోవడం, నారింజ తొక్కలా మందమవడం, చన్నుమొన లోపలికి పోవడం, దాన్నుంచి నెత్తురు కారడం, మానని పుండు - వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. ఏది అవునో ఏది కాదో పరీక్షే చెప్పాలి, నాటుమందు చెప్పదు. ఇది అంటుజబ్బు కాదు. శాపం కాదు. సూది పరీక్ష చేస్తే పాకుతుందన్నది వట్టి మాట. తొందరగా పట్టుకుంటే రొమ్మంతా తీసెయ్యకుండానే బాగుచేసే వీలు చాలామందికి ఉంటుంది.

దీనికి పెద్ద మిషన్లే కావాలా? బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి, మురికివాడల్లోని లక్షన్నర మంది ఆడవాళ్ళ మీద ఇరవై ఏళ్ళు అధ్యయనం చేసింది. అందులో సగంమందికి తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి, నాలుగు విడతలు, చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. యాభై దాటిన ఆడవాళ్ళలో ఈ జబ్బు చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. మురికివాడలో అయిన పని మన పేటలో ఎందుకు కాదు?

ముప్ఫై దాటిన ప్రతి ఆడమనిషికీ ఈ పరీక్ష జరగాలని 2016 కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. ఇది ఎవరో పెట్టే భిక్ష కాదు, మన హక్కు. ఏఎన్ఎమ్మును, ఆశా కార్యకర్తను అడగండి. అనుమానం ఉంటే గజపతినగరం ప్రభుత్వ ఆసుపత్రికి, అక్కణ్ణించి విజయనగరానికి వెళ్ళాలి. విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడి దగ్గర టాటా వారి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ అని మనం పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవలో క్యాన్సర్ వైద్యం ఉంది. వైద్యానికి వెళ్ళే రోగికి రైలు టికెట్టులో రాయితీ ఉంది, ఆసుపత్రిలో ఫారం అడిగి తీసుకోండి.

సంఘం మిత్రులకు ఒక మాట. మాల, మాదిగ, రెల్లి పేటలన్నిటిలో ముప్ఫై దాటిన ఆడవాళ్ళ పేర్లు రాయండి. పరీక్ష పేటలోనే, తలుపు వేసిన గదిలో, ఆడ కార్యకర్త చేత జరిపించమని అర్జీ పెట్టండి. గడ్డ ఉన్న అప్పకు తోడు వెళ్ళండి. ఆ రోజు కూలి సంఘం చందాలోంచి ఇవ్వండి. మగవాళ్ళు ఆ పూట పొయ్యి దగ్గర కూర్చోండి.

ఒక సమాజం ఎంత ముందుకెళ్ళిందో ఆడవాళ్ళ ప్రగతిని బట్టి కొలుస్తానని అంబేద్కర్ 1942లో నాగపూర్ మహిళా సభలో చెప్పారు. మన సంఘానికీ అదే కొలబద్ద. విగ్రహానికి దండ వేసే చేతులే మన అప్పను ఆసుపత్రి మెట్లెక్కించాలి.

జై భీమ్!