విడిపోయారా? విడదీశారా?

ఆలుమగలు విడిపోతారు. అన్నదమ్ములు వేరుపడతారు. నది చీలుతుంది. తెలుగులో ఒక్కోదానికి ఒక్కో మాట. ఇంగ్లీషులో మాత్రం వీటిలో చాలావాటికి 'స్ప్లిట్ అప్' ఒక్కటే సరిపోతుంది. సరిపోని చోట వాడితే మాత్రం అర్థం తిరగబడుతుంది.

'దే స్ప్లిట్ అప్' అంటే భార్యాభర్తలో, ప్రేమికులో తమంతట తామే విడిపోయారని. 'భర్త నుంచి విడిపోయింది' అంటాం కదా అని చాలామంది 'ఫ్రమ్' పెట్టేస్తారు. 'షి స్ప్లిట్ అప్ విత్ హిమ్' అనడమే వాడుక. భూతకాలంలోనూ 'స్ప్లిట్' మారదు. 'స్ప్లిటెడ్' అనకూడదు.

అన్నిసార్లూ గొడవే ఉండాలని లేదు. బందరు బస్టాండులో దిగిన స్నేహితుల్లో కొందరు మంగినపూడి బీచ్‌కి, కొందరు కలంకారీ చూడ్డానికి పెడన వెళ్లాలనుకున్నారు. అప్పుడు 'లెట్స్ స్ప్లిట్ అప్' అనుకోవచ్చు. సాయంత్రం మళ్లీ అంతా ఒకచోట చేరతారు.

జిల్లాల సంగతి వేరు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాను విభజించారు. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాకు వెళ్లాయి. బందరు, గుడివాడ, దివిసీమ కృష్ణాలోనే ఉన్నాయి. జిల్లా తనంతట తాను విడిపోదు కాబట్టి 'ద డిస్ట్రిక్ట్ వాజ్ స్ప్లిట్ అప్' అనాలి.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమను చుట్టుకుంటుంది. ఇక్కడ 'అప్' అక్కర్లేదు. 'ద రివర్ స్ప్లిట్స్ ఇంటు టూ' చాలు. గుడివాడలో భీమవరం దారి నుంచి బందరు రైలుమార్గం వేరవుతుంది. అసలు దారి అలాగే ఉండి, ఒక కొమ్మ మాత్రం పక్కకు పోతే అది 'బ్రాంచ్ ఆఫ్'.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట కొట్టుకుపోయారు. ఆ కుటుంబాల గురించి రాస్తూ 'ద ఫ్యామిలీస్ స్ప్లిట్ అప్' అంటే, వాళ్లు పోట్లాడుకుని విడిపోయారని చదివేవాళ్లు అనుకుంటారు. 'ద ఫ్యామిలీస్ వర్ టోర్న్ అపార్ట్' అనాలి. వాళ్లు విడిపోలేదు, సముద్రం విడదీసింది. ఆ తేడా చెప్పేది 'వర్' అనే చిన్న మాటే. రాసేటప్పుడు దాన్ని మరిచిపోకూడదు.