మనకెందుకమ్మా వేదాంతం?

మా పేటలో ఇంటర్ రెండో ఏడాది చదివే పిల్ల ఒకతి, డిగ్రీలో ఫిలాసఫీ తీసుకుంటానంది. 'అది కూడు పెడుద్దా?' అన్నాడు తండ్రి. కూలి చేసుకునే మనిషి, ఆయన్ని తప్పుపట్టలేం. పక్కనున్న పెద్దకులం మేష్టారు మాత్రం నవ్వి, 'మీకెందుకమ్మా వేదాంతం, నర్సింగులో చేరు' అన్నాడు. ఆ నవ్వే నాకు కాలింది.

పుట్టుకతోనే మనిషికి ఎక్కువ తక్కువలు రాసింది తత్వం పేరు చెప్పేగా! దానికి జవాబు చెప్పాలంటే మనోళ్ళు తత్వం చదవొద్దా? బాబాసాహెబ్ కొలంబియాలో జాన్ డ్యూయీ క్లాసులో కూర్చున్నది ఊసుపోక కాదు. నాగార్జునుడి పేరు డ్యాముకి పెట్టుకున్నాం, ఆయనేం చెప్పాడో చదివినోళ్ళు మా పేటలో ఒక్కరూ లేరు.

ఇక డబ్బు సంగతి. బరోడా స్కాలర్‌షిప్పు గడువు తీరితే అంబేద్కరంతటోడే 1917లో లండన్ చదువు సగంలో ఆపి వచ్చాడు. కాబట్టి ముందే లెక్క చూసుకోవాలి.

మన చుట్టుపక్కల కాలేజీల్లో బీఏ అంటే ఎక్కువగా హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్సే. ఫిలాసఫీ ఆనర్సుకి ఢిల్లీ యూనివర్సిటీలో మిరాండా హౌస్, హిందూ కాలేజీ వగైరా ఉన్నాయి. కాశీలో బనారస్ హిందూ యూనివర్సిటీ ఉంది. 2022 నుంచి వీటన్నిటికీ సీయూఈటీ అనే ఒకటే పరీక్ష, తెలుగులోనూ రాయొచ్చు. పాఠం మాత్రం తెలుగులో ఉండదు. కొత్త ప్రైవేటు యూనివర్సిటీలూ ఫిలాసఫీ చెబుతున్నాయి, ఏడాదికి లక్షలు గుంజి. వాటి రంగుల కాగితాలు చూసి పొలం తాకట్టు పెట్టొద్దు. (మనకి పొలం ఉంటేగా!)

సర్కారు కాలేజీలో మనల్ని ముంచేది ఫీజు కాదు, హాస్టలు. సీటు రాకపోతే ఢిల్లీలో గది అద్దెకే కూలిడబ్బులన్నీ పోతాయి. చేరకముందే అడగాల్సింది ఇదే.

కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పుకి ఎస్సీ కుటుంబం ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. వేరే రాష్ట్రంలో చదివినా ఇవ్వాల్సింది సొంత రాష్ట్రమే. ఫ్రీషిప్ కార్డు చూపిస్తే ముందు ఫీజు కట్టకుండానే చేర్చుకోవాలని 2021 నిబంధనల్లో ఉంది. కాగితం మీద మాట అది. నేను చదివిన కాలేజీలో స్కాలర్‌షిప్పు రాలేదని ఆర్నెల్లు నా సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళమేశారు. ఒక్కరే పోవద్దు, సంఘం మనిషిని వెంటబెట్టుకుని పోండి.

హాస్టలు దొరక్కపోతే? ఇంటి దగ్గర సర్కారు కాలేజీలోనే బీఏ చెయ్యమంటాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఫిలాసఫీకి ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఆ పిల్ల పరీక్షకి దరఖాస్తు పెట్టింది. రైలు చార్జీకి, మొదటి నెల తిండికి పేటంతా చందా పోగేస్తున్నాం. మేష్టారినీ అడుగుతాం.