మన అంగడి, మన పెరడు

ఒక పట్టణము నిజముగా బ్రదికియున్నదా, లేక బ్రదికియున్నట్లు కనుపించుచున్నదా యని తెలిసికొనుటకు రెండు చోట్లు చూచిన చాలును. మొదటిది దాని అంగడివీధి. రెండవది ఇండ్ల వెనుకటి పెరడు. వీధిలో అమ్మువాడును కొనువాడును ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకొనుచుండ, పెరటిలో తీగలు పందిళ్ల కెగబ్రాకుచుండెనేని ఆ పట్టణమునకు భయము లేదు. అంగడి మూతబడి, పెరడు సిమెంటు క్రింద కప్పబడెనేని, అచట ఎన్ని మేడలు లేచినను, ఎన్ని దీపములు వెలిగినను, అది పరుల చేతికూడు తినుచున్న పట్టణమే. మన పెద్దపల్లి యే వైపునకు నడచుచున్నదో పాఠకమహాశయులు తమ వీధిని, తమ పెరటిని చూచుకొని తామే తీర్పు చెప్పవలయును.

మనది బీదసీమ కాదు. శ్రీరాంసాగరు జలాశయమునుండి కాకతీయ కాలువ తెచ్చు నీటితో మన పొలములు పచ్చబడినవి. పెద్దపల్లి, సుల్తానాబాదులందలి మిల్లులు ఆడించు బియ్యము దూరదేశముల కేగుచున్నది. గోదావరిఖని బొగ్గును, రామగుండము విద్యుత్తును పొరుగు రాష్ట్రములు సైతము వాడుకొనుచున్నవి. 1999లో మూతబడిన ఎరువుల కర్మాగారము చోట నూతన కర్మాగారము 2021 నుండి యూరియా చేయుచున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన మనకు ప్రత్యేక జిల్లా గూడ లభించెను. ఇన్ని కలిగియు మన వంటయింటి గంపలో నున్నదేమి? వేసవి టమాటా మదనపల్లినుండి వచ్చినది. ఉల్లిగడ్డ మహారాష్ట్రమునుండి వచ్చినది. ఆలుగడ్డ ఆగ్రానుండి వచ్చినది. అవి మన నేలకు అంతగా ఒదుగనివి, పోనిండు. పుంటికూర, కొత్తిమీర కట్టలు గూడ లారీ దిగి రావలసినదేనా? 2023 జూలై నెలలో టమాటా కిలో 100 రూపాయలు దాటినప్పుడు ధాన్యలక్ష్మి కొలువున్న ఈ సీమలో గృహిణి చారులోనికి చింతపండుతోనే సరిపెట్టుకొనెను. వరి సముద్రము నడుమ కూరకు కరవు! ఇంతకంటె వింత వేరొకటి గలదా?

ఇక అంగడి సంగతి. 2024లో దేశవ్యాప్తముగా వినియోగ వస్తువుల పంపిణీదారుల సమాఖ్యవారు, ఒక్క యేడాదిలో సుమారు 2 లక్షల కిరాణా దుకాణములు మూతబడినవని ప్రకటించిరి. ఆ లెక్క వారిదే యగుగాక. అందు సగమును తీసివేసినను లక్ష కుటుంబముల పొయ్యి చల్లారినట్లే గదా! పెద్ద పెట్టుబడి గల కంపెనీ మొదట నష్టమునకు అమ్మును. ఆ నష్టమును భరించుటకు దానికి పరదేశపు ధననిధులు వెనుకనున్నవి. మన వీధి షావుకారుకు వెనుకనున్నది ఆతని భార్య మెడలోని పుస్తెలతాడు మాత్రమే. ఆతడు తలుపు వేసిన పిమ్మట ధర నిర్ణయించువాడు ఒక్కడే మిగులును. అప్పుడు చవుక యెచటికి పోవునో చెప్పనక్కరలేదు.

ఈ భయము మా కల్పన కాదు. 2012లో బహుళ సరుకుల చిల్లర వర్తకమునందు 51 శాతము వరకు విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు కేంద్రప్రభుత్వమువారే దానికి షరతులు విధించి, అమలును రాష్ట్రముల యిష్టమునకు వదలిరి. విదేశీ పెట్టుబడిగల ఆన్‌లైను సంస్థ అమ్మువారిని కొనువారిని కలుపు అంగడిని నడుపవచ్చునే గాని, సరుకును తానే సొంతము చేసికొని అమ్మరాదని నియమము. సంస్థలు ఆ కంచెను దొడ్డిదారిన దాటుచున్నవను ఫిర్యాదులు రాగా 2019 ఫిబ్రవరి 1వ తేదీనుండి ఆ నియమమును మరింత బిగించిరి. ప్రమాదము లేనిదే కంచె యెందులకు? కంచె బిగించుట యెందులకు?

“చవుకగా దొరకినప్పుడు కొనుట తప్పా? బీదవాని కడుపు గొట్టి షావుకారును బ్రదికింపుమందురా?” అని కొందరు ప్రశ్నింతురు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నెలకు 5,000 రూపాయల సరుకు కొను ఇంటికి 200 రూపాయలు మిగులుననుకొందము. మిగులనిండు. కాని అట్లు ఒక్కమారే 5,000 రూపాయలు పెట్టి కొనగలవాడు బీదవాడేనా? దినకూలి చేయు మనిషి సాయంకాలము పది రూపాయల నూనె, ఐదు రూపాయల చాయపత్తి కొనును. కూలి లేని దినమున ఉద్దెర తెచ్చుకొనును. 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు బియ్యమును పప్పును ఉద్దెరకిచ్చి చిట్టాలో వ్రాసికొన్నవాడెవడు? సెల్‌ఫోనులోని బొమ్మ యిచ్చెనా? వీధి మూలనున్న కిరాణం మనిషి యిచ్చెను. ఆతని చిట్టాపుస్తకమే బీదవాని బ్యాంకు. ఆ 200 రూపాయల లాభమునకు మన మమ్ముకొనుచున్నది ఆ బ్యాంకును. పైగా షావుకారు చేతికి వచ్చిన రూపాయి మరునాడు దర్జీకి, ఆటోవానికి, పాలమ్మికి, బతుకమ్మ పండుగ చందాకు వీధిలోనే తిరుగును. యంత్రములో నొక్కిన రూపాయి ఆ క్షణముననే ఊరు దాటును.

అయితే స్థానికమైన అంగడి యనగా నేమి? ఈ ప్రశ్నకు 2025 ఆగస్టులో కొందరు తప్పుడు సమాధానము చెప్పిరి. మార్వాడీలు వెడలిపోవలెనని తెలంగాణమున కేకలు లేచెను. ఆ నెల 22వ తేదీన బందునకు పిలుపు గూడ నిచ్చిరి. స్థానిక వర్తకుల కడుపుమంట అబద్ధమని మేమనము. బేరము తగ్గి, అద్దె పెరిగి, కొడుకునకు చదువు చెప్పింపలేని చిన్న వర్తకుని బాధ నిజమే. కాని ఆ బాధను పొరుగు దుకాణము మనిషి కులము మీదికి, మాతృభాష మీదికి మరల్చుట యనగా దొంగను వదలి దారినబోవువానిని పట్టుకొనుటయే. ముగ్గురు తరములనుండి యిచ్చట కాపురముండి, యిచ్చటనే పన్ను కట్టి, యిచ్చటనే ఉద్దెర యిచ్చువాడు మనవాడే. ఆతని ఇంట మాటలాడు భాషతో మనకు పనిలేదు. తెలుగు పేరు పెట్టుకొని, కల్తీ నూనె నమ్మి, లాభమునంతటిని మహానగరమందలి స్థలములలో పాతిపెట్టువాడు మన వీధివాడైనను మనవాడు కాడు. పదిమంది కలిసి యొక మనుష్యుని వీధినుండి వెళ్లగొట్టిన యెడల ఆ ఖాళీ దుకాణమునకు తాళము తీయువాడు మన బీద వర్తకుడు కాడు. ఆ పెద్ద కంపెనీయే. 1905లో వంగదేశమున లేచిన స్వదేశీ వ్రతము సరుకును గూర్చినది, పెట్టుబడిని గూర్చినది. మనిషి పుట్టుకను గూర్చినది కాదు. ఆ పవిత్రనామమును ద్వేషమునకు ముసుగుగా వాడుకొనువారిని ముమ్మాటికిని ఖండించుచున్నాము.

వర్తకులతో గూడ ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. 1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్రజనసంఘము తొలినాళ్లలో చేపట్టిన పనులలో వర్తకుల గోడు ఒకటి. పర్యటనకు వచ్చిన అధికారి కోరిన సరుకును ఆతడు చెప్పిన ధరకే, ఒక్కొక్కప్పుడు ఊరకే, ఇయ్యక తప్పని దినములవి. సంఘమువారు “వర్తక స్వాతంత్ర్యము” అను చిన్న పుస్తకమును ప్రకటించి వర్తకునకు ధైర్యము చెప్పిరి. నాడు ప్రజాసంఘము వర్తకుని పక్షమున నిలిచెను. ఆ ఋణము వర్తకలోక మింకను తీర్చుకొనవలసియున్నది. తూకములో వంచన, కారములో రంపపుపొట్టు, పాత తేదీల పొట్లములు కలిగిన దుకాణమును స్వదేశీ పేరుతో కాపాడుమని ప్రజలను కోరుటకు మాకు నోరు రాదు. ఇంగ్లాండులోని రాచ్‌డేలు పట్టణమున 1844లో 28 మంది పనివారు కూడి తమ సొంత దుకాణము పెట్టుకొన్నది యెందులకు? కల్తీలేని పిండి, సరియైన తూకము కావలెననియే. నిజాయితీ లేని వర్తకుని మొదట విడిచిపోవువాడు కంపెనీకి లొంగినవాడు కాడు, మోసపోయిన పొరుగువాడు. త్రాసు సరిగా నుంచుకొనుడు. పొరుగువారు మీ గుమ్మము విడువరు.

ఇంక పెరటి మాట. అంగడిని కాపాడుటకు పెరటితో నేమి పనియని అడుగుదురేమో! చాల పని గలదు. తన ఇంటి ఆకుకూర తాను పండించుకొనువాడు నిత్యవ్యయము కొంత తగ్గించుకొనును. ఆ తగ్గిన సొమ్మే, కంపెనీ చూపు ఐదు పది రూపాయల చవుకకు లోబడక, మన వీధిలో న్యాయమైన ధర యిచ్చి కొనుటకు ఆతనికి బలమగును. పెరడు లేని పట్టణములో స్వదేశీ ధనికుల వేడుక. పెరడున్న పట్టణములో అది సామాన్యుని శక్తి.

కూరగాయలు పండ్లు కలిపి మనిషికి దినమునకు 400 గ్రాములకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఐదుగురున్న ఇంటికి దినమునకు రెండు కిలోలు. ఇదంతయు పెరటిలో పండుననుట లేదు; కాని మూడవవంతు పండించుకొనుటకు ఎకరము లక్కరలేదు. మృగశిర కార్తెలో రెండు పాదులు త్రవ్వి బీర, ఆనప, చిక్కుడు గింజలు నాటిన సంక్రాంతి దాటువరకు పందిరి వట్టిపోదు. చలికాలమున పాలకూర, మెంతి, కొత్తిమీర. వేసవిలో వంటయింటి కడుగునీరే పుంటికూరకు, గంగవాయిలికి చాలును. మూలన నొక మునగచెట్టు, ఒక కరివేపాకు చెట్టు తాతలనాటి ఆచారమే గదా! ఈ ముప్పది యేండ్లలో మనము ఆ మునగను నరికి, మట్టి కనబడకుండ బండలు పరచి, దానికి నాగరికత యని పేరు పెట్టితిమి. మట్టి లేనివారికి మిద్దె గలదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు హైదరాబాదున తమ మిద్దెపైననే కూరగాయలు పండించి చూపి, మిద్దెతోట యను మాటను తెలుగునాట ఇంటింటికి చేర్చిరి. మహానగరపు మిద్దెపై సాధ్యమైనది పెద్దపల్లి పెరటిలో అసాధ్యమా?

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లాండు ప్రజలు పూలతోటలను, ఆటస్థలములను త్రవ్వి కూరగాయలు నాటిరి. లండను కోట కందకములోను కూరమళ్లు వెలసెను. అమెరికాలో సుమారు 2 కోట్ల ఇంటితోటలు లేచి, ఆ దేశపు తాజా కూరగాయలలో రమారమి 40 శాతము పండించినవని అంచనా. ధనిక రాజ్యములు ఆపత్కాలమున సిగ్గుపడక చేసిన పనిని మనము చేయుటకు నామోషీ యేల?

“అందరును పెరటిలో పండించుకొనిన గంప నెత్తిన పెట్టుకొని వచ్చు కూరగాయల అమ్మి గతి యేమి?” అను ప్రశ్నయు న్యాయమైనదే. ఇల్లు పండించునది ఆకు, తీగ. వంకాయ, బెండ, మిరప మొదలగువానిలో హెచ్చుపాలు రైతువద్దనే కొనవలయును. 1999 జనవరి 26వ తేదీన రైతుబజారులు నెలకొల్పినప్పటి ఉద్దేశము దళారి లేకుండ రైతును వాడుకదారును ఎదురుబదురుగా నిలుపుటయే. వీధిలో అమ్ముకొనువారి రక్షణకు 2014లో పార్లమెంటు ప్రత్యేక శాసనమును చేసి, పట్టణ విక్రయ సంఘము ఉండవలెననియు, అందు విక్రేతల ప్రతినిధులకు స్థానముండవలెననియు విధించెను. ఆ సంఘము కాగితముపైన గాక వీధిలో పనిచేయునట్లు అడుగుట పౌరుల ధర్మము.

ఇవన్నియు గాలిమేడలని పెదవి విరుచువారు ముల్కనూరు వెళ్లి చూడవచ్చును. నేడు హనుమకొండ జిల్లాలోనున్న ఆ గ్రామము నాడు మన కరీంనగరు జిల్లాలోనిదే. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు స్థాపించిన సహకార సంఘము రైతునకు అప్పిచ్చి, ఎరువిచ్చి, ఆతని ధాన్యమును కొని, నేటికిని నిలిచియున్నది. అదే చోట 2000 సంవత్సరమునుండి స్త్రీలు తమ సొంత పాడి సహకార సంఘమును నడుపుచున్నారు. వారికి ప్రత్యేకమైన నేల లేదు, ప్రత్యేకమైన నీరు లేదు. కలిసియుండవలెనను పట్టుదల యొక్కటే వారికున్న ప్రత్యేకత.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, ప్రతి గృహస్థుడును నెలసరి సరుకులో హెచ్చుపాలు తన వీధిలోనే కొందునని నిశ్చయించుకొనవలయును. రెండవది, వర్తకసంఘమువారు తూకమునకు, కల్తీలేమికి తామే పూచీపడి, తప్పుచేసిన సభ్యుని తామే దండింపవలయును. మన రైతు పప్పును, పసుపును ముందు వరుసలో నుంచవలయును. మూడవది, పురపాలకులు పాఠశాలల ఆవరణలందును, ఖాళీ ప్రభుత్వస్థలములందును కూరమళ్లకు అనుమతి నీయవలయును. నాల్గవది, గ్రంథాలయములందు పుస్తకముల ప్రక్కన నొక విత్తనపు పెట్టె నుంచవలయును. పట్టుకొనిపోయినవాడు పంట తీసిన పిమ్మట రెండింతలు తెచ్చి వేయవలయును. పుస్తకము తిరిగి యిచ్చు అలవాటున్న మనకు విత్తనము తిరిగి యిచ్చుట కష్టము కాదు.

వీనిలో దేనికిని ప్రభుత్వపు ఉత్తరువు రానక్కరలేదు. పాదుకు గడ్డపార చాలును. అంగడికి నాలుగడుగులు నడచిన చాలును. తెచ్చిపెట్టువానికై గుమ్మమున కాచుకొని కూర్చుండు ప్రజ కొన్నాళ్లకు కోరుట గూడ మరచిపోవును. వాడు తెచ్చినదే తినును, చెప్పినదే యిచ్చును. మృగశిర రాకముందే మట్టిని త్రవ్వుడు. పొద్దు గుంకకముందే మీ వీధి షావుకారుకు మీ చీటీ నిండు.