హీరోయిన్ ఎవరట వదినా?



ఉడుకుతున్న అన్నం మీద మూత మాటిమాటికీ తీయకూడదని మన అమ్మమ్మలు చెప్పేవారు. ఆవిరంతా పోయి మెతుకు పలుకుగా ఉండిపోతుందట. వంట సంగతి సరే. రాబోయే సినిమా విషయంలో మాత్రం ఆ మాట వినేదెవరు చెప్పండి? హీరో ఎవరు, హీరోయిన్ ఎవరు, అత్తగారి వేషం ఎవరికిచ్చారు, విలన్ని ఏ రాష్ట్రం నుంచి తెస్తున్నారు... పొద్దున్న లేచింది మొదలు మూతలు తీసి చూడటమే పని!

మాఘమాసం ఆదివారాల్లో మా అరసవల్లి చూడాలి మీరు. సూర్యనారాయణస్వామి గుడి దగ్గర ఆడవాళ్లంతా పిడకలు రాజేసి, గిన్నెలు పెట్టి క్షీరాన్నం వండుతారు. పాలు పొంగేదాకా చేతులకి పనుంటుంది గాని నోటికి ఉండదుగా! పిల్లల చదువులు, పెళ్లి సంబంధాలు అయ్యాక మాట సినిమాల మీదికి రావాల్సిందే.

"ఏటి వదినా, ఆ సినిమాలో ఈరోయిన్ని మార్సేసినారట గదా!"

"నీకెవులు సెప్పినారే?"

"మా ఆడపడుచు తోటికోడలి సెల్లి ఐదరాబాదులో ఉంటాది గదా. అది సెప్పింది."

చూశారా, ఏ పత్రికకీ లేనంత పెద్ద విలేకరుల బృందం మనది! ఆ చెల్లెలికి చెప్పిందెవరు అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే రుచి పోతుంది.

దీన్ని పనికిమాలిన కబురని మగవాళ్లు తీసిపారేస్తారు. (క్రికెట్ జట్టులో ఎవరుంటారో ఎవరు ఊడతారో అని వాళ్లు గంటలు గంటలు మాట్లాడుకుంటే మాత్రం అది విజ్ఞానం!) నేను మాత్రం తప్పనను. సినిమా చూసేది రెండున్నర గంటలు. ఎదురుచూసేది ఏడాదో, రెండేళ్లో. టిక్కెట్టు డబ్బులకి అసలు ఆనందం ఆ ఎదురుచూపులోనే ఉంది. కాకపోతే ఏ మాటని ఎంతవరకు నమ్మాలో తెలిసి ఉండాలి. ఇవాళ ఆ ముచ్చటే చెప్పుకుందాం.

పెళ్లిచూపులకి వచ్చినవాడల్లా అల్లుడు కాడు

వేషాల పుకారు ఎలా పుడుతుందో తెలియాలంటే పెళ్లి సంబంధాలు తలుచుకోండి చాలు. దర్శకుడు ఒక కథ పట్టుకుని ముగ్గురు నలుగురు నటీమణులకి వినిపిస్తాడు. అవి పెళ్లిచూపులు. ఒకరికి కథ నచ్చుతుంది, కాల్షీట్లు కుదరవు. ఇంకొకరికి కాల్షీట్లు ఉంటాయి, పారితోషికం దగ్గర తేడా వస్తుంది. మూడో ఆవిడకి అన్నీ కుదిరినా హీరో డేట్లు మారిపోతాయి. ఈలోగా కథ విన్న ప్రతివాళ్ల పేరూ బయటికి పొక్కుతుంది. విన్నమాట నిజమే, కుదిరిందన్నమాటే అబద్ధం! ఒక్కోసారి జనం ఏమంటారో చూద్దామని సినిమావాళ్లే ఒక పేరు గాలిలోకి వదులుతారు. అది కూడా మన ఊళ్లలో పెళ్లిళ్ల పేరయ్యలు చేసే పనే కదా!

అడ్వాన్సు పుచ్చుకోవడం తాంబూలాలు. మొదటి పోస్టరు శుభలేఖ. విడుదల రోజు మూడు ముళ్లు. మరి తాంబూలాలు పుచ్చుకున్నాక తప్పిపోయిన సంబంధాలు లేవూ? సినిమాల్లోనూ ఉన్నాయి. అందులో అన్నిటికన్నా పెద్దది ‘మిస్సమ్మ’.

1955లో వచ్చిన ఆ సినిమాలో మిస్సమ్మ వేషానికి ముందు అనుకున్నది భానుమతిగారిని. కొంత షూటింగు కూడా అయింది. ఒకరోజు ఆవిడ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చేసుకుని షూటింగుకి ఆలస్యంగా వెళ్లారట. నిర్మాత చక్రపాణిగారికి కోపం వచ్చింది, క్షమాపణ కోరారు. ఆవిడా తక్కువ తినలేదు. చెప్పనన్నారు, వేషం వదిలేసి వచ్చేశారు. అప్పుడు రెండో అమ్మాయి పాత్రకి తీసుకున్న సావిత్రిని మిస్సమ్మని చేశారు. ఆ రెండో పాత్ర జమునగారికి దక్కింది. ఆ తరవాత సంగతి మీకు చెప్పేదేముంది? ఇంతా అయ్యాక భానుమతిగారు, తను తప్పుకోబట్టే ఒక గొప్ప నటి దొరికిందని నిండు మనసుతో అన్నారట. శ్రావణ శుక్రవారం నాడు వ్రతం చేసుకుంటూ ఈ ముచ్చట తలుచుకోండి, బాగుంటుంది.

మనం పెదవి విరిచిన వేషాలు

పేరు ఖాయమయ్యాక మనం చేసే రెండో పని పెదవి విరవడం. "ఆ మొహానికి ఈ వేషమా?" అంటాం. ఇదీ ఇవాళ్టి అలవాటు కాదు. 1956లో ‘సొంతవూరు’లో ఎన్టీఆర్ కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం ఒప్పుకోలేదు, హాల్లో గోల చేశారు. దాంతో ఆయనకే కృష్ణుడి వేషమంటే బెరుకు పట్టుకుంది. దర్శకుడు కె.వి.రెడ్డిగారు నచ్చచెప్పి, కిరీటం దగ్గర్నుంచి అలంకరణంతా కొత్తగా చేయించి ‘మాయాబజార్’లో నిలబెట్టారు. అది 1957. మరుసటేడే మాట మారిపోయింది. ఆ తరవాత ఎన్ని ఇళ్ల పూజగదుల్లో ఆయన కృష్ణుడి పటం వెలిసిందో మీ అత్తగార్లని అడగండి.

1980లో వచ్చిన ‘శంకరాభరణం’ మాట చూడండి. శంకరశాస్త్రిగా వేసిన జె.వి.సోమయాజులుగారు మన శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టినవారు. ఉద్యోగం డిప్యూటీ కలెక్టరు. నాటకాల్లో, ముఖ్యంగా ‘కన్యాశుల్కం’ రామప్పపంతులుగా మంచిపేరు ఉందిగాని సినిమా హాలుకి జనాన్ని రప్పించే పేరు కాదు. యాభై దాటిన మనిషి, డ్యూయెట్లు లేని హీరో! ఆ రోజుల్లో మన పుకార్ల బృందానికి ఆ పేరు చెప్పి ఉంటే "ఎవరాయన?" అనేవాళ్లం. ఇవాళ ఆ వేషంలో ఇంకొకరిని ఊహించుకోగలరా?

‘మహానటి’కి కీర్తి సురేష్ పేరు చెప్పినప్పుడూ అంతే. "ఆ చిన్నపిల్ల సావిత్రమ్మా?" అని నిట్టూర్చినవాళ్లు బోలెడు మంది. 2018 మేలో సినిమా వచ్చాక వాళ్లే కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ బయటికొచ్చారు. ఆ ఏడాదికి ఉత్తమనటిగా జాతీయ అవార్డు కూడా ఆ అమ్మాయిదే. అందుకే నేననేది, పెదవి విరవండి, వద్దనను. కాని అన్నం వార్చేదాకా ఆగి విరవండి!

తప్పిన సంబంధానికి కారణాలు వెతకొద్దు

ఒక విషయం మాత్రం కొంచెం గట్టిగానే చెప్తాను. సంబంధం తప్పిపోతే ఊళ్లో మాటలు ఎవరిమీద పడతాయో మనకి తెలియనిది కాదు. సినిమాల్లోనూ ఆడపిల్ల మీదే పడతాయి. ‘బాహుబలి’లో శివగామి వేషానికి ముందు శ్రీదేవిగారిని అడిగారు, కుదరలేదు. రమ్యకృష్ణగారు చేశారు, ఆ పాత్ర ఆవిడదే అన్నట్టు చేశారు. అక్కడితో ఆగితే బాగుండేది. శ్రీదేవిగారు ఏమేమో కోరారని మాటలొచ్చాయి. 2017లో ఆవిడ అవేవీ నిజం కాదని చెప్పుకోవాల్సొచ్చింది, బాధపడ్డారు కూడా. ఆ సంగతి నలుగురిలో మాట్లాడకుండా ఉండాల్సిందని రాజమౌళిగారే అన్నారు. మరుసటి ఏడాదే శ్రీదేవిగారు మనకి లేకుండా పోయారు. ఎవరు చేస్తున్నారన్నది ఎంతైనా ఊహించుకుందాం. ఎందుకు చేయలేదన్నది మాత్రం వాళ్లకే వదిలేద్దాం. ఏమంటారు?

మన కథలో మనమెవరు?

ఇక మా ప్రాంతం ముచ్చట. చాలాకాలం సినిమాల్లో మా యాస వినిపించిందంటే అది నవ్వించే పాత్రదో, వీధిచివర బడ్డీకొట్టువాడిదో అయ్యేది. హీరో మాత్రం శుభ్రంగా పుస్తకం భాష మాట్లాడేవాడు. అందుకే ‘తండేల్’ మాట మొదలైనప్పుడు మా ఆరాటం వేరు.

ఆ కథ వెనక నిజం మీకు తెలిసే ఉంటుంది. మా తీరం మత్స్యకారులు పని కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద వేటకి వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారని అక్కడివాళ్లు పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. 2020 జనవరిలో ఇరవైమంది వాఘా సరిహద్దు మీదుగా తిరిగొచ్చారు. బోటుకి పెద్దని తండేలు అంటారు. 2023లో హీరో నాగచైతన్య, దర్శకుడు చందూ మొండేటి మత్స్యలేశం వచ్చి ఆ మనుషులతో కూర్చుని మాట్లాడి వెళ్లారు. ఆ వార్త వచ్చిన రోజు నుంచి మా వీధిలో ఒకటే ప్రశ్న: "ఈరోయిన్ ఎవులట?"

ఆ ప్రశ్నలో ఉత్త సరదాయే లేదు. ఇంట్లో మగాడు పరాయిదేశం జైల్లో ఉంటే, పధ్నాలుగు నెలలు పొయ్యి ఆరకుండా చూసుకున్న ఆడవాళ్లు మాకు తెలిసిన ఊళ్లలోనే ఉన్నారు. ‘ఇవాళ వదుల్తారట, రేపు వదుల్తారట’ అన్న మాట ఆ ఇంట్లో ఎలా వినిపించి ఉంటుందో ఒక్కసారి తలుచుకోండి. మనకి పుకారు కాలక్షేపం. వాళ్లకి అది ప్రాణం లేచి రావడం, మళ్లీ కూలబడటం. అలాంటి మనిషి వేషం ఎవరు వేస్తారు? ఉత్తినే రెండు పాటలకి తీసుకొస్తారా, మాట్లాడనిస్తారా? అడగాలా వద్దా మరి?

సాయిపల్లవి పేరు బయటికొచ్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నాం. 2025 ఫిబ్రవరి 7న సినిమా వచ్చింది. సత్య అనే ఆ పిల్ల ఊళ్లో కూర్చుని ఏడవదు. భర్తల కోసం, కొడుకుల కోసం ఆడవాళ్లని కూడగట్టుకుని తిరుగుతుంది. యాస అచ్చంగా కుదిరిందా అంటే, ఇక్కడివాళ్లం ఒకటి రెండు వంకలు పెట్టకపోతే మేం శ్రీకాకుళం వాళ్లమే కాదు! కాని హీరో, హీరోయిన్ ఇద్దరూ మా మాట మాట్లాడుతుంటే హాల్లో పక్కసీటు ముసలమ్మ "మనలాగే మాటాడతన్నారే" అని మురిసిపోయింది చూడండి, ఆ ఒక్క మాటకి టిక్కెట్టు డబ్బులు వచ్చేశాయి. అదే ఏడాది శ్రీరామనవమికి ‘పెద్ది’ తొలి వీడియోలో రామ్‌చరణ్ కూడా ఉత్తరాంధ్ర యాస అందుకునేసరికి మా పిల్లలు దాన్ని ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూశారో లెక్కలేదు. బడిలో యాస మాట్లాడితే నవ్వుతారని నోరు నొక్కుకునే పిల్లలకి అది చిన్న విషయమా?

పర్సు జాగ్రత్త!

పుకారు చెవిదాకా వస్తే ఫరవాలేదు, పర్సుదాకా రానివ్వకండి. మాకు తెలిసినవాళ్ల పాపకి ఇలాగే ఫోనొచ్చింది. ఓ పెద్ద సినిమాలో హీరోయిన్ చిన్నప్పటి వేషానికి ఎంపికైందిట, రిజిస్ట్రేషన్‌కి ఐదు వేలు పంపాలిట! పాప ఫోటో ఎక్కడ చూశారో ఏమో, పేరుతో సహా చెప్పారు. తల్లి మురిసిపోయి పోపులడబ్బాలో దాచిన డబ్బు తీసేసింది కూడా. పాప బామ్మ అడ్డం పడింది. "వేషం ఇచ్చేవాడు డబ్బులిస్తాడు గాని పుచ్చుకుంటాడేటే?" అంది. అంతే, అటునుంచి ఫోను కట్!

కాబట్టి ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకోండి.

వేషం పేరు చెప్పి ఎవరు డబ్బడిగినా ఇవ్వకండి. పొరపాటున పంపేస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల కోసం పెట్టిన నెంబరది. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలు.

పిల్లల ఫోటోలు, ఇంటి అడ్రసు ముక్కూమొహం తెలియనివాళ్లకి పంపకండి.

పోస్టరు చూసి నమ్మేయకండి. అభిమానులే అసలుదాన్ని మించిన పోస్టర్లు తయారుచేస్తున్నారు. సినిమా తీసే సంస్థ తన సొంత పేజీలో పెట్టిందా లేదా చూడండి.

తారల పెళ్లిళ్లు, విడాకుల పుకార్లు మీ నోటి దగ్గర ఆపేయండి. వాళ్లకీ అత్తగారిళ్లున్నాయి.

మిగతాదంతా మన ఇష్టం. హాయిగా ఊహించుకోండి, పందేలు కాసుకోండి. ఓడినవాళ్లు గెలిచినవాళ్లింటికి పకోడీలు చేసి పంపాలి. మా వీధి లెక్క అదే. పోయినసారి విలన్ పేరు మీద మా పక్కింటి పిన్నిగారు ఓడిపోయారు. శనగపిండిలో కాస్త బియ్యప్పిండి కలిపి, వేడినూనె ఒక గరిటె పోసి చేశారేమో, కరకరలాడుతూ ఎంత బాగున్నాయని! ఆవిడ ప్రతిసారీ ఓడిపోతే బాగుండును.

ఇంతకీ మీ ఊరి కథ ఎవరైనా సినిమా తీస్తే, అందులో మీ వేషం ఎవరు వేయాలి? పని తెమిలాక ఆలోచించి రాయండి. మీవారు వేషం సంగతి తరవాత చూసుకుందాం!